కంపు లెక్కలో సున్నాలూ కావాలి

ఫ్యాక్టరీ వైపు నుంచి కంపు కొడుతోందని జనం ఫోన్ చేస్తారు. మీటరు పట్టుకుని అధికారి వచ్చేసరికి గాలి మళ్లిపోతుంది. రీడింగు సున్నా, ఫైలు మూత. చాలాసార్లు ఇందులో ఎవరి అబద్ధమూ ఉండదు. హైడ్రోజన్ సల్ఫైడు గాలిలో కొద్ది పీపీబీలు (వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలు) ఉన్నా కుళ్లిన గుడ్డు వాసన ముక్కుకు తెలిసిపోతుంది. కార్మికుల భద్రత కోసం వాడే మామూలు గ్యాస్ మీటరు లెక్క పీపీఎంలలో (పది లక్షల భాగాల్లో ఎన్ని అని), అంటే వెయ్యి రెట్లు ముతకగా ఉంటుంది. పైగా కంపు ఒక్క వాయువు పని కాదు, ఎన్నో రసాయనాల కలగలుపు.

అందుకే యూరప్‌లో ముక్కునే కొలమానంగా ఒప్పుకున్నారు. ఈఎన్ 16841 ప్రమాణం ప్రకారం శిక్షణ పొందిన పరిశీలకుడు ఒకచోట 10 నిమిషాలు నిలబడి, 10 సెకన్లకోసారి గాలి పీల్చి నమోదు చేస్తాడు. 60 సార్లలో కనీసం 6 సార్లు వాసన తగిలితే ఆ గంటను ‘వాసన గంట’గా లెక్కిస్తారు. ఇలాంటివాళ్లను ఏడాది పొడవునా తిప్పడం ఖర్చుతో కూడిన పని. స్థానికులైతే రాత్రీ పగలూ అక్కడే ఉంటారు, ఆ నమోదు వాళ్లే చేయొచ్చు.

అయితే ‘భరించలేకపోతున్నాం’ అనే ఫిర్యాదు విశ్లేషణకు పనికిరాదు. సమయం నిమిషాలతో సహా కావాలి. నిలబడిన చోటు, తీవ్రత 0 నుంచి 6 వరకు అంకెలో, ఎంతసేపు ఉందన్నదీ రాయాలి. దేనిలా ఉందో కూడా చెప్పాలి: కుళ్లిన గుడ్డా, కాలిన రబ్బరా, పుల్లటి బురదా? ఇంట్లో కూర్చున్న ముక్కు కాసేపటికే అలవాటు పడిపోతుంది. కాబట్టి బయటికి వచ్చిన తొలి నిమిషంలోనే రాయాలి. అన్నిటికంటే ఎక్కువగా వదిలేసేది సున్నా. వాసన లేని రోజూ అదే వేళకు ‘లేదు’ అని నమోదు చేయకపోతే, మిగిలేది కోపం వచ్చిన రోజుల చిట్టా మాత్రమే. ఫ్యాక్టరీ లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

ఒక హెచ్చరిక. మూలం వెతుక్కుంటూ ఎవరూ దగ్గరికి పోకూడదు. 100 పీపీఎం దగ్గర హైడ్రోజన్ సల్ఫైడు ముక్కును మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే వాయువు పోయిందని కాదు.

ఇక ఈ లెక్కలో రెండో సగం యాజమాన్యం చేతిలో ఉంది, పేచీ కూడా అక్కడే. జనం పట్టికను గాలి దిశతో పాటు ప్లాంటు లాగ్‌బుక్ పక్కన పెడితేనే కారణం దొరుకుతుంది. ట్యాంకరు ఎప్పుడు దించారు? వాయువును ద్రవంతో కడిగే స్క్రబ్బరులో పీహెచ్ ఎప్పుడు పడిపోయింది? సూక్ష్మజీవులతో గాలిని శుద్ధి చేసే బయోఫిల్టరు మెత్తలో (గాలి దూరి వెళ్లే పొరలో) తేమ ఎంత? మెత్త ఎండితే పగుళ్లు వస్తాయి, గాలి శుద్ధి కాకుండా ఆ పగుళ్లగుండానే బయటపడుతుంది. తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లబడి కదలకుండా ఉంటుంది గనక ఆ కంపు పలచబడకుండా ఇళ్ల మీదికి పాకుతుంది. లాగ్‌బుక్ ఇవ్వని కంపెనీతో ‘భాగస్వామ్య’ సమావేశాలు పెట్టుకోవడం టీ ఖర్చు దండగ.

మెత్త తడిపి సరిచేశాక కూడా జనం రాయడం ఆపకూడదు. మరమ్మతు పనిచేసిందని చూపేవి ఆ తర్వాత, అదే గాలి వీచిన తెల్లవారుజాముల్లో నమోదైన సున్నాలే.