ప్రొఫెషనల్ క్లారినెట్ ఎంపికలో ముందు చూడాల్సింది శ్రుతి

ప్రొఫెషనల్ స్థాయి క్లారినెట్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: బఫే కంపెనీ మోడళ్లలో ఆర్13 మంచిదా, ఆర్‌సీ మంచిదా? కాస్త ఆరా తీసినవాళ్లయితే టోస్కా, యమహా సీఎస్‌జీ, బ్యాకన్, సెల్మర్ పేర్లు కూడా కలుపుతారు. ఆపైన చర్చంతా ‘డార్క్ సౌండ్’ (గంభీరమైన నాదం), ‘బ్రైట్ సౌండ్’ (మెరుపున్న నాదం) అనే రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. నా లెక్కలో ఈ చర్చ తలకిందులుగా మొదలవుతోంది. నాదం చాలావరకు నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్, దానికి బిగించి ఊదితే కంపించే రీడ్ అనే పలుచని బద్ద, వాయించేవాడి నోరు కలిసి తయారుచేసేది. రేపు మౌత్‌పీస్ మారిస్తే అదీ మారుతుంది. శ్రుతి అంత తేలిగ్గా మారదు. దాన్ని చెక్కలో తొలిచేశారు.

ఎలాగో తెలియాలంటే గొట్టం సంగతి చూడాలి. ఫ్లూట్, సాక్సోఫోన్ పై రిజిస్టర్‌కు, అంటే పై స్వరాల శ్రేణికి వెళ్లినప్పుడు అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ ఒక కొస మూసిన గొట్టంలా పనిచేస్తుంది కాబట్టి ఏకంగా పన్నెండో స్వరానికి ఎగురుతుంది. అట్టడుగున ఉండే పాశ్చాత్య స్వరం ‘ఇ’ వాయిస్తూ బొటనవేలితో రిజిస్టర్ కీ నొక్కితే పైన ‘బి’ పలుకుతుంది. నిజానికి ఆ కీ తెరిచే చిన్న రంధ్రం ఒక్కో స్వరానికి ఒక్కో చోట ఉండాలి. ఉన్నది మాత్రం ఒక్కటే. పైగా థ్రోట్ నోట్స్‌లోని, అంటే కింది రిజిస్టర్ చివర పలికే స్వరాల్లోని, బి ఫ్లాట్‌ను పలికించే పని కూడా దాని నెత్తినే వేశారు. ఆ బి ఫ్లాట్ ఎప్పుడూ జలుబు చేసిన గొంతులా వినిపించడానికి ఇదే ప్రధాన కారణం.

ఈ రాజీని ఎక్కడ కుదుర్చుకున్నారన్నదే మోడళ్ల మధ్య అసలు తేడా. బఫే కంపెనీకి రాబర్ట్ కారే 1950ల్లో రూపొందించిన ఆర్13లో పై ముక్క లోపలి రంధ్రం (బోర్) ఒకే వెడల్పుతో ఉండదు. కొద్దికొద్దిగా తేడా ఉన్న వ్యాసాలతో వరుసగా తొలుస్తారు. కింది స్వరానికీ దాని పన్నెండో స్వరానికీ పొత్తు కుదర్చడానికే ఈ తంటా అంతా. అయినా అట్టడుగు ‘ఇ’, ‘ఎఫ్’ కాస్త దిగి పలుకుతుంటాయి. టోస్కాలో ఆ ‘ఎఫ్’ను సరిచేయడానికి ప్రత్యేకంగా ఒక కీ పెట్టారు. మరోవైపు జాక్ బ్రైమర్ వంటి బ్రిటిష్ విద్వాంసులు వాయించిన బూసీ అండ్ హాక్స్ 1010 మోడల్ బోర్ ఇంకా వెడల్పు, 15 మిల్లీమీటర్లకు పైనే. దానికి తగిన మౌత్‌పీస్ వేరే ఉండాలి. మామూలుది తగిలిస్తే శ్రుతి చెదిరిపోతుంది. అందుకే ఏ క్లారినెట్ చూడ్డానికి వెళ్లినా మీ మౌత్‌పీస్, మీకు అలవాటైన రీడ్లు తీసుకెళ్లండి. లేకపోతే పరీక్షకు అర్థం లేదు.

ఈ నీతులు నాకూ ఆలస్యంగానే తెలిశాయి. ఒకసారి పది నిమిషాలు వాయించి, గది నిండా మోగిన నాదానికి పడిపోయి ఒక వాద్యం తెచ్చుకున్నాను. బృందంతో కూర్చున్నాక తెలిసింది, కింది ‘ఇ’ దిగిపోతోంది, పైన ‘బి’ ఎక్కిపోతోంది. ఒకదానికి పెదవి బిగించడం, ఇంకోదానికి వదలడం. వాయించినంతసేపూ అదే టెన్షన్.

ఇప్పుడు ముందు వాద్యాన్ని బాగా వేడెక్కనిస్తాను. చల్లగా ఉన్నప్పుడు శ్రుతి తగ్గి ఉంటుంది కాబట్టి అప్పటి కొలత నమ్మలేం. తర్వాత కళ్లు మూసుకుని కింది ‘ఇ’ నిలిపి, రిజిస్టర్ కీ నొక్కి ‘బి’కి వెళ్తాను. పెదవి కదపకుండా రెండింటినీ పలికించాకే కళ్లు తెరిచి ట్యూనర్ చూస్తాను. ముందే చూస్తే తెలియకుండానే నోరు సర్దేస్తుంది. అలా ఒక్కో స్వరం పైకి వెళ్తూ, కిందిదానికీ దాని పన్నెండోదానికీ ఎంత తేడా వస్తోందో కాగితం మీద రాసుకుంటాను. విసుగు పుట్టే పనే, అరగంట పడుతుంది.

తేడా వస్తే బ్యారెల్, అంటే మౌత్‌పీస్‌కూ పై ముక్కకూ మధ్య ఉండే చిన్న గొట్టం, మార్చుకోవచ్చు కదా అంటారు. 66 మిల్లీమీటర్ల బ్యారెల్ తీసి 65ది పెడితే మొత్తం శ్రుతి పెరుగుతుంది, నిజమే. కానీ అన్ని స్వరాలకూ సమానంగా పెరగదు. గొట్టం పొట్టిగా పనిచేసే థ్రోట్ నోట్స్ మీద ఆ మిల్లీమీటర్ ప్రభావం ఎక్కువ, పొడవుగా పనిచేసే కింది స్వరాల మీద తక్కువ. అంటే ఒక చోట సర్దితే ఇంకో చోట చెడుతుంది. లోపలి ఆకారం మార్చిన బ్యారెళ్లు కొంత సాయపడతాయి కానీ అద్భుతాలు చేయవు. మీరు వాయించే బృందం ‘ఎ’ స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు శ్రుతి చేసుకుంటుందా, 442కా అన్నది కూడా ముందే తెలుసుకోవాలి. ఆర్13 ఈ రెండు శ్రుతుల్లోనూ వస్తుంది.

కీలకు వెండి పూతా, నికెల్ పూతా అన్న వాదన నాకు ఎప్పుడూ పట్టలేదు. చేతికి ఏది నచ్చితే అది. ఎడమ చేతి ఇ ఫ్లాట్ లీవర్ అనే అదనపు కీ కొన్ని గడ్డు వరుసల్లో ప్రాణం నిలబెడుతుంది, లేకపోయినా తరాల తరబడి వాయించారు.

చెక్క సంగతి మాత్రం తేలిక కాదు. ఎక్కువ వాద్యాలు గ్రెనడిల్లా అనే గట్టి నల్ల చెక్కతో చేసినవే. ఒకే మోడల్‌కు చెందిన రెండు వాద్యాల మధ్య తేడా, ఒక్కోసారి రెండు మోడళ్ల మధ్య తేడా కంటే ఎక్కువ ఉంటుంది. కొత్త చెక్క తేమకు పగలొచ్చు కూడా. అందుకే మొదటి వారాల్లో రోజుకు పదిహేను, ఇరవై నిమిషాలకు మించి వాయించవద్దంటారు. ఆ బెడద వద్దనుకునేవాళ్ల కోసం బఫే గ్రీన్‌లైన్ పేరుతో చెక్క పొడి, కార్బన్ ఫైబర్ కలిపి అచ్చు పోసినవి తెచ్చింది. ఆరుబయట, చలిలో వాయించేవాళ్లకు అదే నయం. నాదంలో తేడా ఉందనేవాళ్లు చాలామందే ఉన్నారు. కళ్లకు గంత కట్టి వినిపిస్తే వాళ్లలో ఎందరు పోల్చుకుంటారన్నది నా అనుమానం.

ఆర్కెస్ట్రాలో వాయించాలంటే మామూలుగా వాడే బి ఫ్లాట్ క్లారినెట్ ఒక్కటే చాలదు, దానికంటే కాస్త కింది శ్రుతిలో పలికే ‘ఎ’ క్లారినెట్ కూడా కావాలి. మోజార్ట్ 1791 నాటి కచేరీ రచనకు అదే గతి. రెండూ ఒకే మోడల్ అయినంత మాత్రాన జోడీ కుదిరినట్టు కాదు. రెండింటికీ ఒకటే మౌత్‌పీస్, ఒకటే రీడ్. మధ్యలో ‘ఎ’ అందుకునేసరికి అది చల్లబడి శ్రుతి దిగి ఉంటుంది. కాబట్టి వాటిని విడివిడిగా చూడకండి. ఒకదాని మీద రెండు పేజీలు వాయించి, మౌత్‌పీస్ పీకి రెండోదానికి తగిలించి, ఊపిరి తీసుకునేంత వ్యవధిలోనే మొదటి స్వరం ఊది చూడండి.