గ్రాహం సంఖ్య గారికి, మా అపార్ట్‌మెంట్ నుంచి

అయ్యా గ్రాహం సంఖ్య గారూ,

నల్లకుంటలో ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కు ట్రెజరర్‌గా ఇరుక్కున్నవాణ్ణి. మీకూ నాకూ పరిచయం మా పెయింటర్ వల్ల.

ఈ ఏడు బయట గోడలకు రంగులు వేయించాలనుకున్నాం. క్రీమా, బూడిదా అన్న తగువు మూడు మీటింగులు నడిచింది. ఎస్టిమేట్ అడిగితే పెయింటర్ తల గోక్కుని, "ఆరు లక్షల కాడ షురూ అయితది సార్. ఆడికెళ్లి మీ గోడల ఇష్టం" అన్నాడు. ఎక్కడ ఆగుతుందయ్యా అంటే నవ్వుతాడు. ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకుంటే, ఇంటర్ ఎంపీసీ చదివే మా అమ్మాయి "అచ్చం గ్రాహం సంఖ్య కథే నాన్నా" అంటూ మీ జాతకం విప్పింది.

మీదీ రంగుల పంచాయితీయేనట. ఒక ఘనం తీసుకుని దానికి కొలతలు, అంటే డైమెన్షన్లు, మూడు నుంచి నాలుగు, ఐదు ఇలా పెంచుకుంటూ పోవాలి. మూలలన్నిటినీ జతలు జతలుగా గీతలతో కలిపి, ఒక్కో గీతకు రెండు రంగుల్లో ఏదో ఒకటి వేయాలి. ఎంత తెలివిగా వేసినా, ఒకే తలంలో ఉన్న ఏవో నాలుగు మూలల మధ్య ఆరు గీతలూ ఒకే రంగులో పడక తప్పదు. ఆ గతి ఎన్ని కొలతల దగ్గర పడుతుందన్నది ప్రశ్న. 1971లో గణితవేత్తలు రొనాల్డ్ గ్రాహం, బ్రూస్ రాత్‌షైల్డ్ ఒక పరిశోధన పత్రంలో తేల్చింది: కనీసం ఆరు, మహా అయితే ఓ పేద్ద సంఖ్య. మా పెయింటరే నయం, నవ్వి ఊరుకున్నాడు.

పైగా ఆ పేద్ద సంఖ్య కూడా మీరు కాదట! ఆ పత్రంలో ఉన్నది మీకంటే చిన్నదే. గణితాన్ని సరదాగా రాసే మార్టిన్ గార్డనర్‌కు వివరించడం సులువని గ్రాహం గారు మిమ్మల్ని చెప్పారు, ఆయన 1977లో సైంటిఫిక్ అమెరికన్‌లో రాశారు, 1980కల్లా మీరు గిన్నిస్ బుక్ ఎక్కేశారు. లెక్క సులువు చేయమంటే బిల్లు పెరగడం మాకిక్కడ కొత్తేమీ కాదు లెండి.

ఇక మీ ఒడ్డూ పొడుగూ. మూడు మూడులను ఒకదానితో ఒకటి హెచ్చిస్తే 27. అలాగే 27 మూడులను హెచ్చిస్తే 76,25,59,74,84,987, అంటే ఏడున్నర లక్షల కోట్ల పైచిలుకు. మా రాష్ట్ర బడ్జెట్‌కు రెట్టింపు దాటిపోయింది. అన్నేసి మూడులను ఒకదాని నెత్తిన ఒకటి ఘాతాలుగా పేర్చినా, మిమ్మల్ని చేరడానికి ఎక్కాల్సిన 64 మెట్లలో మొదటి మెట్టు కూడా అందదట. విశ్వమంతా కాగితం చేసినా మీ అంకెలకు చాలదట. అక్కడికి నాకు కళ్లు తిరిగి టీ పెట్టమన్నాను.

కానీ ఒక్క విషయంలో మీరు మాకు పూర్తిగా రివర్సు. మా కోకాపేట ఫ్లాట్ల హోర్డింగుల మీద ధరలో మొదటి అంకెలు తాటికాయంత ఉంటాయి, చివరి అంకె రిజిస్ట్రేషన్ రోజున తెలుస్తుంది. మీ మొదటి అంకె ఏమిటో ఎవరికీ తెలియదు, చివరి పది మాత్రం పక్కాగా 2464195387. మూడు తాలూకు ఘాతాల చివర 3, 9, 7, 1 వంతులవారీగా తిరుగుతాయి, మీ వంతుకు ఏడు పడింది. మీరూ మూడు తాలూకు ఘాతమే కాబట్టి తొమ్మిదితో నిశ్శేషంగా పోతారు, అంకెలన్నీ ఒక్కటి మిగిలేదాకా కూడుకుంటూ పోతే వచ్చేది తొమ్మిదే. ఈ సంగతి బయట చెప్పకండి. కారుకు 9999 కోసం లక్షలు పోసి వేలం పాడే ఊరండీ ఇది, మిమ్మల్ని నంబర్ ప్లేటు మీద పట్టించమంటారు.

తర్వాత మీ రంగుల ప్రశ్నకు 'మహా అయితే' అన్న పై హద్దును చాలా కిందికి దించారట. 'కనీసం' అన్న కింది హద్దు ఆరు నుంచి 2003లో 11కు, 2008లో 13కు ఎక్కిందట. ముప్పై ఏడేళ్లు పట్టింది మీవాళ్లకు. మా పెయింటర్ రెండు వారాలకే మళ్లీ వచ్చాడు. గోడలు తడిగా ఉన్నాయట, ఆరు కాదు, పదమూడు. పై లెక్క ఎంతని మళ్లీ అడిగాను.

"గదైతే చెప్పలేను గానీ సార్, ఆఖర్ల ఏడుంటది" అన్నాడు. మా అమ్మాయి అతనితో కూడా మాట్లాడినట్టుంది.

ఇట్లు,
ట్రెజరర్
(రాజీనామా ఆమోదం పొందవలసి ఉంది)