సైకిలుని కాకినాడ నుంచి వెలేయాలి

కాకినాడలో ఒక జాడ్యం ముదురుతోంది. బాగా చదువుకుని, మంచి ఉద్యోగం చేస్తూ, బండి కొనగల స్తోమతుండీ కొందరు సైకిలెక్కి ఆఫీసుకెళ్తున్నారు. పోనీ, ఏడుస్తూ తొక్కుతున్నారా అంటే అదీ లేదు. ఈలేసుకుంటూ పోతున్నారు!

అసలు తప్పు ఈ నేలది. అరిటాకు పరిచినట్టుంటుంది డెల్టా. కాలవ మీద వంతెనొస్తే తప్ప ఆయాసపడే పనిలేదు. ఆ కాస్త కష్టమూ అవతలివైపు దిగుడులో వడ్డీతో సహా వసూలైపోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యేనాటికి పెడల్ సైకిలు ఇంకా బజార్లోకి రాలేదు కాబట్టి బతికిపోయాం. వచ్చుంటే కాటన్ దొర దాని మీదే తిరిగేవాడేమో! గుర్రం మీద కూర్చోబెట్టాం గనక దండలేస్తున్నాం. సైకిలు మీదైతే ఎవరేస్తారండీ?

దీనికి లైసెన్సక్కర్లేదు, రిజిస్ట్రేషనక్కర్లేదు, బీమా అక్కర్లేదు, పొల్యూషన్ కాయితం అసలే అక్కర్లేదు. భానుగుడి సెంటర్లో చెకింగంటే బుల్లెట్ మీదున్న పెద్దమనిషి సందులు వెతుక్కుంటాడు. సైకిలువాడు పోలీసాయన ముందునుంచే బెల్లు కొట్టుకుంటూ పోతాడు. ఇది రౌడీయిజం కాక మరేంటి?

పెళ్లిచూపుల్లో పరిస్థితి చూడండి.

"అబ్బాయి ఏం తోలతాడండీ?"

"సైకిలండీ."

"ఆయ్... డాక్టరుగారు చెప్పారాండీ?"

"లేదండీ, సరదాకండీ."

సంబంధం అక్కడితో సరి. షుగరని చెప్పుంటే కనీసం కాఫీ అయినా ఇచ్చేవారు. రోగం వల్ల తొక్కితే గౌరవం, బీదరికం వల్ల తొక్కితే జాలి. సరదాకి తొక్కేవాణ్ణి ఏ ఖాతాలో రాసుకోవాలి? మర్యాదస్తులు కార్లో జిమ్ముకెళ్లి, డబ్బు కట్టి, ఏసీ గదిలో కదలని సైకిలు తొక్కి, మళ్లీ కార్లో ఇంటికొస్తారు. అంతగా ముచ్చటైతే జూన్ 3 ఉందిగా! ప్రపంచ సైకిల్ దినోత్సవమని 2018లో ఐక్యరాజ్యసమితే ప్రకటించింది. అంటే, మిగతా రోజులు వద్దనేగా?

మధ్యాహ్నం సముద్రం నుంచి ఎదురుగాలి కొడితే బుద్ధొస్తుందని ఆశపడ్డాను. తిరుగు ప్రయాణంలో ఆ గాలే వీపు మీద చెయ్యేసి నెడుతోందట.

కాబట్టి కార్పొరేషన్ వారికి నా వినతి. ప్రతి సైకిలుకీ ఒక పొగగొట్టం బిగించాలి. వారానికి లీటరు పెట్రోలు కొన్నట్టు రసీదు చూపించాలి. కాజాలకొచ్చి స్తంభానికి ఆనించి పోవడం కుదరదు. మాలాగే చోటు కోసం మెయిన్ రోడ్డంతా రెండు చుట్లు తిరిగాకే దిగాలి. ఇక ఆ బెల్లు ముందు పీకించేయాలి. అది ట్రింగుమంటే చాలు, కార్లో కూర్చునుండి కూడా పక్కకి జరుగుతున్నాం.