సింగిల్ లేడీస్‌కి రూము లేదంట, చచ్చిపోతామేమోనని భయమంట

నిన్న సాయంత్రం ఒక లాడ్జి కౌంటర్లో కుర్రాడు నాతో అన్న ముక్క ఇది: "ఆయ్, సింగిల్ లేడీస్‌కి ఇవ్వటం లేదండి." ఊరి పేరు చెప్పను, మన గోదావరి జిల్లాల్లోదే. ఆధార్ ఇచ్చాను, ఉద్యోగం ఐడీ ఇచ్చాను, అద్దె ముందే కడతానన్నాను. అన్నీ తిరగేసి చూసి "పోనీ మీ వారి నంబరివ్వండి మేడమ్, ఓసారి మాట్లాడి ఇచ్చేత్తాం" అన్నాడు. నలభై దాటిన మనిషిని, పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే దాన్ని, నేను నిద్రపోవడానికి మా ఆయన పర్మిషన్ కావాలంట! ఎంచేతయ్యా అంటే గొంతు తగ్గించి, ఒంటరిగా వచ్చినవాళ్ళు ఏదైనా చేసుకుంటే పోలీసులతో మాకు తలనొప్పండి అన్నాడు. అంటే ఆడది ఒక్కతీ బ్యాగేసుకుని వచ్చిందంటే చావడానికే వచ్చినట్టు. చావదలుచుకున్నదాన్ని చెకౌట్ టైము ఎప్పుడని అడుగుతానా బాబూ?

ఇంతలో నా వెనకాల మెడికల్ రెప్పనుకుంటా, టై కట్టుకున్న కుర్రాడు ఒక్కడే వచ్చాడు. ఆధార్ జెరాక్సు కూడా సరిగ్గా చూడలేదు, తాళం చేతిలో పెట్టేశారు. మగాళ్ళకి దిగులు ఉండదు కాబోలు.

గొడవ పడే ఓపిక లేక ఆఖరి బస్సెక్కి వచ్చేశాను. ఒళ్ళు మండేది ఎందుకంటే అప్పటిదాకా రోజు ఎంత బాగా గడిచిందో! నర్సాపురం రేవులో పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కి సఖినేటిపల్లిలో దిగా. కారులో చించినాడ వంతెన మీంచి పోతే తొందరగానే పోవచ్చు, నాకెందుకా తొందర? పంటు మీద బైకులు, ఆటో, అరటిగెలలు, మధ్యలో నేను. పక్కన లేసు అల్లుకుంటున్న పెద్దావిడ "ఈ ఉండ కాస్త పట్టుకో అమ్మా" అని దారపుండ నా ఒళ్ళో పెట్టింది, అంతే, ఎవరితో వచ్చావు, ఎందుకొచ్చావు ఏమీ అడగలేదు. లాడ్జి వాళ్ళు ఆవిడ దగ్గర ట్రైనింగ్ తీసుకోవాలి. తర్వాత అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏటినీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసేచోట ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు, సెల్ఫీ కూడా తియ్యలా. పొద్దున్న తిన్న పెసరట్టు అయితే మధ్యలో ఎవరికో చట్నీ వెయ్యడానికి లేవకుండా, చివరి ముక్క దాకా వేడివేడిగా తిన్నా. ఇది ఆడవాళ్ళకే అర్థమవుతుంది, మగవాళ్ళు స్క్రోల్ చేసుకోవచ్చు. ఇలా వెళ్ళొచ్చాక వారం రోజులు నాకు పిల్లల మీద అరుపులుండవు, మెడనొప్పి ఉండదు, పడుకోగానే నిద్ర పడుతుంది.

నెమ్మదిగా వెళ్ళడం అంటే గుర్తొచ్చింది, ఈ విషయంలో మన కోటిపల్లి–నర్సాపురం రైల్వే లైనుని మించినవాళ్ళు లేరు. 2000-01 బడ్జెట్లో మంజూరైంది, ఇంకా వస్తానే ఉంది. దాన్నెవరూ ఒంటరిగా ఎందుకొస్తున్నావని అడగరు.

సరే, ఇంటికొచ్చేసరికి మా ఆడపడుచు ఫోను. మా ఆయన చెప్పేసినట్టున్నారు. "నేను ముందే చెప్పాను కదా వదినా, ఒక్కదానివీ ఎందుకు, హాయిగా మాతో రావచ్చుగా" అంది. హాయిగా! ఆ హాయి ఏంటో మీకు చెప్పాలి.

కార్తీకమాసంలో పంచారామాలు ఒకే రోజులో చుట్టేశాం వీళ్ళతో కలిసి, ట్రావెలర్ వ్యాను మాట్లాడుకుని. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట, పొద్దు తిరిగేలోపు అయిపోవాలంట, శివుడేదో దుకాణం కట్టేసి పోతున్నట్టు. అర్ధరాత్రి లేచి అందరికీ పులిహోర కలిపింది నేను. భీమవరంలో, అదే గునుపూడి సోమారామంలో, లింగం పున్నమికి తెల్లగా ఉంటుంది, అమావాస్యకి రంగు మారుతుంది అంటారు, అది చూడాలంటే పదిహేను రోజులు అక్కడే ఉండాలి కదా, మావాళ్ళు పదిహేను నిమిషాలిచ్చారు. పాలకొల్లులో అంత పెద్ద గోపురం, తలెత్తి చూసే టైము లేదు, ఎందుకంటే నా తల కింద చెప్పుల మీద ఉంది. అవును, చెప్పుల కాపలా నాదే. ద్రాక్షారామంలో స్వామి రెండంతస్తుల ఎత్తుంటాడు, కింద చూసి మళ్ళీ మెట్లెక్కి పైన చూడాలి. కింద దణ్ణం పెట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి బావగారి ఫోను, అమ్మాయ్ డ్రైవరు హారన్ కొడుతున్నాడు వచ్చేయ్ అని. సగం శివుణ్ణి చూసొచ్చాను. మిగతా సగం కోసం తర్వాత ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నా. దానికి మా ఇంట్లో పేరేంటో తెలుసా? "మూడు రోజుల నుంచి అదోలా ఉంది, ఏమైందో." కలిసి వెళ్ళినప్పుడు నేనెలా ఉన్నానో మాత్రం ఎవరూ అడగలేదు, పులిహోరలో ఉప్పు తగ్గిందని మాత్రం సామర్లకోట దాకా చెప్పారు.

ఈ పోస్టు రాస్తుండగానే ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్: ఈ కార్తీకానికి మళ్ళీ ట్రావెలర్ బుక్ చేశారంట, సీట్లు కూడా పంచేసుకున్నారు, చివర్లో "పులిహోర వదినదే" అని దణ్ణం ఎమోజీలు. చూశాను. బ్లూ టిక్కులు పడ్డాయి. పడనీ.