పేరు రాయని స్టేషనుకి సీజన్ టికెట్టువాడి ఉత్తరం

మహారాజశ్రీ స్టేషను గారికి,

ఉభయకుశలోపరి.

'ఉభయ' అన్నది అలవాటు కొద్దీ పడింది. నీ కుశలం నేను రోజూ రెండు పూటలా కళ్లారా చూస్తూనే ఉన్నాను. కుళాయి ఉంది, నీళ్లు లేవు. ఫ్యాను ఉంది, తిరగదు. గడియారం పదీ పదికి ఆగి మూడేళ్లయింది. నా కుశలం మాత్రం నువ్వు ఏనాడూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను: నడుము నొప్పి, అది నీ సిమెంటు బెంచీ వల్లే.

మొదట 'మీరు' అనే రాద్దామనుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా నీ ఒళ్లో కూర్చుని డబ్బాలో ఇడ్లీలు తింటున్నవాణ్ణి, మన మధ్య మర్యాదలేంటని మానుకున్నాను.

నీ పేరు రాయడం లేదు. చెన్నై సెంట్రల్‌కీ గుమ్మిడిపూండికీ మధ్య ఎక్కడో ఉన్నావని చెబితే చాలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఈ లైనులో స్టేషన్లన్నీ ఎవరికి వారు ఈ ఉత్తరం తమకే అనుకుంటే నాదేం పోయింది? ఆఖరి స్టేషను పేరులోనే సగం గుమ్మడికాయ ఉంది.

నేను నాయుడుపేట వైపు నుంచి వచ్చినవాణ్ణి. ప్యారిస్ కార్నర్‌లో ఒక ఇనుప సామాన్ల కొట్లో లెక్కలు రాస్తాను. మొదటిసారి నీ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ రోజున మైకులో ఒకావిడ "పయణిగళిన్ కనివాన కవనత్తిర్కు" అంది. అందులో 'కవనం' ఒక్కటే నాకు అర్థమైంది. ఆహా, పొద్దున్నే ప్రయాణికులకి కవిత్వం వినిపిస్తున్నారు, తమిళులకి భాషాభిమానం ఎక్కువని ఊరికే అనలేదు అనుకుని చెవులు రిక్కించాను. కవనమంటే ఇక్కడ శ్రద్ధ అనీ, ఆవిడ చెప్పింది బండి ఇరవై నిమిషాలు లేటన్న సంగతనీ పక్కాయన విప్పి చెప్పాడు. సిగ్గుపడ్డాను. పద్దెనిమిదేళ్ల తర్వాత చెబుతున్నాను, మొదట అనుకున్నదే నిజం. అది కవనమే. అందులో వచ్చే టైములన్నీ కల్పనే.

బండిని ఇక్కడ 'వండి' అంటారు కదా. మా ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది. సాయంత్రం మా ఆవిడ ఫోను చేసి, "ఏమండీ, నేను వండి గంటయింది, మీ వండి ఏదీ?" అంటుంది. ఫోనులో వినడానికి బాగానే ఉంటుంది. చల్లారిన అన్నంలో రసం పోసుకునేటప్పుడు అంత బాగుండదు.

ఇంతకాలం చూశాక నాకు తెలిసిందేమిటంటే, నువ్వు స్టేషనువి కాదు. పెళ్లింట్లో ఆడపిల్ల తండ్రివి. ఎవరొచ్చినా పక్కకి తప్పుకుని దండం పెట్టి దారి ఇస్తావు. కోల్‌కతా వైపు నుంచి దిగే కోరమాండల్ మగపెళ్లివారు. ఢిల్లీ నుంచి వచ్చే గ్రాండ్ ట్రంకు వాళ్ల పెదనాన్న, ముసలాయన, ఆయనకీ ముందు పీటే. ఆఖరికి ఒళ్లంతా మసి పూసుకుని నింపాదిగా వచ్చే బొగ్గు గూడ్సుకి కూడా 'దయచేయండి' అంటావు. వ్యాగన్లు లెక్కపెట్టడం నాకు అలా అలవాటైంది. మేము సొంతింటి పిల్లలం, మాకెప్పుడూ ఆఖరి బంతి. ఆకులో ఇంకా ఏమైనా మిగిలిందా అని తొంగి చూసుకుంటూ లూప్ లైనులో కూర్చుంటాం.

ఈ గుణం నీకు వంశపారంపర్యం. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి వెళ్లింది. రాయపురం నీకు బాగా దగ్గరి చుట్టమే. ఇప్పటికీ నిలబడి ఉన్న మన దేశపు స్టేషను భవనాల్లో అదే అన్నిటికన్నా పాతది. కానీ ఆ రైలు పోయింది పడమటికి. ఉత్తరాన ఉన్న మన తెలుగువాళ్లు బెజవాడ నుంచి చెన్నపట్నానికి నేరుగా రైలెక్కడానికి 1899 దాకా ఆగాల్సి వచ్చింది. నలభై మూడేళ్లు. నీ దగ్గర ఎదురుచూడటం నేనేదో కొత్తగా కనిపెట్టానని ఇన్నాళ్లూ అనుకున్నాను. మా ముత్తాతలు నాకన్నా ఆరితేరినవాళ్లు.

అంతదాకా పడవలే గతి. మా ముత్తాత బకింగ్‌హాం కాలువలో పట్నానికి వచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ కాలువకి ఆ పేరు పెట్టింది 1876-78 నాటి పెద్ద కరువు రోజుల్లో, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు మీద. తిండిలేని జనానికి కూలి చూపించడానికి అప్పుడు కొంత మేర తవ్వించారు. ఉప్పు, ధాన్యం, వంటచెరకు అన్నీ ఆ నీళ్ల మీదే పట్నం చేరేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు భుజాన తాడేసుకుని పడవని లాగేవారు. వినడానికి కష్టంగానే ఉంది గానీ, పడవకి ఒక్క సుఖముంది. వెనకాల కోరమాండల్ రాదు.

కరెంటు సంగతి చూడు. ఊరికి దక్షిణంగా పోయే దారిలో బీచ్ స్టేషనుకీ తాంబరానికీ మధ్య 1931లోనే కరెంటు రైలు నడిచింది. అదే కరెంటు మన గుమ్మిడిపూండి లైనుకి 1979లో వచ్చింది. నలభై ఎనిమిదేళ్లు ఎక్కడుందంటావా? ఔటర్‌లో ఆపేసి ఉంటారు. ఇప్పుడు మళ్లీ దక్షిణం వైపే బీచ్ నుంచి చెంగల్పట్టుకి 2025 ఏప్రిల్లో ఏసీ లోకల్ వేశారు, కనీస టికెట్టు 35 రూపాయలు. దాని కోసం నేనేం టెన్షన్ పడటం లేదు. లెక్కలు రాసేవాణ్ణి కదా, 1931కి 48 కలిపితే 1979 వచ్చింది, 2025కి 48 కలిపితే 2073. మా మనవడికి ఇప్పట్నుంచే చెప్పి ఉంచుతున్నాను, ఒక స్వెటర్ కొనుక్కోరా అని.

2021 ఫిబ్రవరిలో బీచ్ నుంచి అత్తిపట్టు దాకా, ఇరవై రెండు కిలోమీటర్ల చిల్లర, నాలుగో లైను ప్రారంభించారు. ఆ రోజు నీ కన్నా నేనే ఎక్కువ సంబరపడ్డాను. స్వీట్లు కూడా కొన్నాను. అత్తిపట్టుతో ఆగిందని రెండో లడ్డూ తింటుంటే తెలిసింది.

నీ సేవల గురించి కూడా నాలుగు ముక్కలు రాయాలి. టికెట్టు కిటికీ దగ్గర చిల్లర ఉండదు. టికెట్లిచ్చే మిషను అచ్చం మా బావలా పండగలకీ పబ్బాలకీ పనిచేస్తుంది. ఫోనులో తీసుకుందామంటే పట్టాలకి దూరంగా జరిగితేగానీ టికెట్టు రాదు. అందుకని పొద్దున ఎనిమిదింటికి నీ గేటు దగ్గర చూడాలి తమాషా. చదువుకున్న పిల్లలు ఫోను మొహం ముందు పెట్టుకుని, నీ వైపే చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటారు, గుళ్లోంచి దేవుడికి వీపు చూపకుండా బయటికి వచ్చినట్టు. ఇడ్లీ బండి దాకా వెళ్లేసరికి టికెట్టు వస్తుంది. అప్పుడు బండి కూడా వస్తుంది. మళ్లీ ఇటు పరుగు.

అయినా నిన్ను తిట్టాలంటే ఒక మొహమాటం. నీ కనీస టికెట్టు ఐదు రూపాయలు. ఈ పట్నంలో ఐదు రూపాయలకి టీ రాదు, అడిగితే టీ కొట్టువాడు గ్లాసు కూడా కడగడు. అంత చవగ్గా మోసుకెళ్లేవాణ్ణి గట్టిగా నిలదీస్తే నలుగురూ నన్నే అంటారు. నీకు ఆ సంగతి తెలుసు. అందుకే అంత ధీమా.

సాయంత్రం నేను ఎక్కేది సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో. పక్కనున్న పెద్దాయనకి 2019లో పేరు మార్చారు, పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి.రామచంద్రన్ సెంట్రల్ రైల్వే స్టేషన్ అని. మైకులో ఆ పేరు పూర్తయ్యేలోగా ఒక లోకల్ పట్టుకోవచ్చు. మా లోకల్ స్టేషనుది ఇంకో కథ. అసలు మూర్ మార్కెట్టు 1985లో తగలబడిపోయింది, పేరు మాత్రం రైళ్లకి మిగిలింది. పాత పుస్తకాలకి పెట్టింది పేరు ఆ మార్కెట్టు. మా మేనమామ నెల్లూరు నుంచి పనిగట్టుకుని వచ్చి, అట్టలూడిన నిఘంటువు ఒకటి బేరమాడి కొనుక్కెళ్లాడట. ఇప్పుడూ అక్కడ జనం గుంపులుగా నిలబడి, మెడలెత్తి, ఎంతో ఏకాగ్రతతో చదువుతూనే ఉంటారు. ఏ ప్లాట్‌ఫామో చెప్పే బోర్డుని.

ఆదివారాలు మా అత్తగారింటికి సూళ్లూరుపేట దాకా వెళతాం. సెంట్రల్ నుంచి ఎనభై కిలోమీటర్ల పైమాటే, రాష్ట్రం దాటి వెళ్లే లోకల్. ఆరంబాక్కం దాకా బోర్డుల మీద తమిళం ఉంటుంది. తర్వాతి బోర్డు మీద గుండ్రంగా, ఎండకి కాస్త వెలిసిన రెండే రెండు అక్షరాలు: తడ. ఎన్నిసార్లు చూసినా నేను దాన్ని పైకి చదువుతాను. మా ఆవిడ నవ్వుతుంది. 1953కి ముందు మా తాత ఊరేగింపుల్లో "మద్రాసు మనదే" అని గొంతు చించుకున్నాడట. నేను మూడో బోగీలో కిటికీ సీటు మనదే అనలేకపోతున్నాను.

మొన్న అలాంటి ప్రయాణంలోనే, తిరిగి వస్తుంటే, నీకు కూతవేటు దూరంలో బండి ఆగింది. నీ లైట్లు కనపడుతున్నాయి. నీ పకోడీ బండి వాసన కూడా వస్తోంది. తడలో ఎక్కిన ఒక పెద్దావిడ ఖాళీ చేపల గంప నా కాళ్ల దగ్గర సర్దుకుంటూ, "అబ్బయా, ఆ కాలు కాస్త తియ్యి" అంది. తీశాను. గంప అడుగున ఐసు నీళ్లు చెప్పుల మీదికి కారాయి. పావుగంట చూసి, "ఎందుకు ఆపాడమ్మా?" అన్నాను, ఆవిడకేదో తెలిసినట్టు.

"ఆపకుంటే గదా అడగాల," అంది ఆవిడ. చెంగులోంచి వక్కపలుకు తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది. అప్పుడు పక్క లైనులోంచి ఏదో ఎక్స్‌ప్రెస్ వెలుతురు కిటికీలన్నీ మన మొహాల మీద విసురుకుంటూ పోయింది. ఏసీ బోగీలో ఒకాయన దుప్పటి దులుపుకుంటున్నాడు. ఆవిడ కళ్లు తెరవకుండానే "పోయినాడా?" అంది. పోయాడన్నాను. "ఇంకోడు ఉంటాడు," అంది.

ఉన్నాడు.

ఆ రెండోవాడు వెళ్లేదాకా ఏం చెయ్యాలో తోచక నీకీ ఉత్తరం మొదలుపెట్టాను. కొట్టులో ఇచ్చిన పాత బిల్లుల వెనక రాస్తున్నాను, ఏమనుకోకు. ఆ రాత్రి మొదటి పేజీ అయింది. మిగతావి ఈ వారం రోజుల్లో నీ దగ్గరా, నీ ఔటర్‌లోనూ కూర్చుని పూర్తి చేశాను. ఒక్క అక్షరం ఇంటి దగ్గర రాయలేదు. బిల్లులు అయిపోవచ్చాయి.

ఇట్లు,
నీ సీజన్ టికెట్టువాడు

తా.క. ఇప్పుడే మైకులో మన బండి ఒకటో నంబరు మీదికి వస్తోందని చెప్పారు. అందరం ఒకటో నంబరు మీద నిలబడ్డాం. బండి రెండో నంబరు మీదికి వస్తోంది. మెట్ల వంతెన మీద పరిగెడుతూ రాస్తున్నాను, అక్షరాలు బాగా లేకపోతే