ఒడ్డున ఉన్నన్నాళ్లూ ఏ రోగమూ ఉండదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. అన్నాళ్లూ బోటు విశాఖ హార్బర్‌లోనే ఉంది. అప్పు చేసి మరీ ఇంజిన్ విప్పించాను, రంగులేయించాను. అప్పుడు దానికి ఏ జబ్బూ లేదు. హార్బర్ పక్కనున్న డాల్ఫిన్ నోస్ కొండ దాటిన మూడో రాత్రి ఇంజిన్ కాలిపోతోంది!

ఉప్పునీళ్ల పంపు విప్పితే లోపలి రబ్బరు చక్రానికి మూడు రెక్కలు లేవు. అరచేతిలో పట్టేంత ముక్క అది. తిరక్కపోతే నీళ్లు ఎక్కవు, ఇంజిన్ చల్లబడదు. స్పేర్ ఉందిగా అని డబ్బా తెరిస్తే వేరే సైజు. "కళ్లు మూసుకుని తీసుకెళ్లన్నా" అన్నాడు షాపువాడు. నిజంగానే మూసుకున్నాను, బుద్ధి తక్కువై.

ఊడిన రెక్కలు పైపులో ఇరుక్కుంటాయి, అవీ వెతకాలి. టార్చి నోట కరుచుకుని, అలకో గుద్దు తింటూ రెండు దొరకబుచ్చుకున్నాను. మూడోది ఎక్కడుందో గంగమ్మ తల్లికే తెలియాలి. ఈలోగా జీపీఎస్ కూడా ఆరిపోయింది, తోడు కావాలిగా మరి! కింద ఐస్ కరుగుతోంది, పైన కుర్రాళ్లు "ఏటైంది, ఏటైంది" అని ఒకటే గోల.

చివరికి పక్క బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. వాళ్ల డీజిల్ ఖర్చు నాదే. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో మా ఆవిడ: "అప్పుడే వచ్చేశారేటి?"