ఎడమ కాలితోనే ఆడాలి: రహీం సాబ్ నియమం నేటి పిల్లల కోచింగ్‌కి ఏం చెబుతోంది

హైదరాబాద్‌లో ఒకప్పుడు ఫుట్‌బాల్ టోర్నమెంట్లు వింత నియమాలతో జరిగేవి. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే బంతిని తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ ఎదుటివాడిని దాటడం, నిషేధం. వాటిని పెట్టించింది సయ్యద్ అబ్దుల్ రహీం, బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన తయారుచేసిందే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకూ కోచ్ ఆయనే. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడాడు.

ఆ విజయాలను గర్వంగా తలుచుకుంటాం. ఆ టోర్నమెంట్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నిజానికి పిల్లల కోచ్‌లు పట్టుకోవాల్సింది వాటినే. కుడివాటం కుర్రాడికి ‘ఎడమ కాలు వాడరా’ అని ఎన్నిసార్లు చెప్పినా, మ్యాచ్‌లో బంతి రాగానే కుడి కాలే లేస్తుంది. రహీం సాబ్ ఆ మాట చెప్పే పని ఆటకే అప్పగించారు. నియమం మారితే కుర్రాడు తన దారి తానే వెతుక్కుంటాడు.

ఈ రోజు దాన్ని 12 ఏళ్లు దాటిన పిల్లలతో ఇలా ఆడించవచ్చు. జట్టుకు నలుగురు, 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు స్థలం, గోల్‌పోస్టుకు బదులు 3 మీటర్ల ఎడంతో రెండు కోన్లు, గోల్‌కీపర్ వద్దు. మొదటి రెండు వారాలు బంతిని ఏ కాలితోనైనా ఆపనివ్వాలి, పాస్, షాట్ మాత్రం వాటం లేని కాలితోనే. మూడో వారం నుంచి ఆపడం కూడా ఆ కాలితోనే. ఎవరైనా నియమం తప్పితే బంతి అవతలి జట్టుకు. అంతే, ఉపన్యాసం అక్కర్లేదు.

మొదట్లో షాట్లన్నీ గాల్లోకి లేస్తాయి. చాలామంది కోచ్‌లు ఎడమ కాలిలో బలం లేదనుకుని దానికి కసరత్తులు మొదలుపెడతారు. తప్పు తన్నే కాలిది కాదు, నేల మీద ఆనే కుడి కాలిది. అది బంతికి వెనకే ఆగిపోతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, పాదం బంతి కింది భాగానికి తగులుతుంది. ఆనే పాదం బంతి పక్కన, జానెడు దూరంలో, వేళ్లు బంతి వెళ్లాల్సిన వైపుకు, మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. ఈ ఒక్కటి సరిదిద్దితే బంతి నేలకు దిగుతుంది.

డ్రిబ్లింగ్ నిషేధం విషయంలో జాగ్రత్త అవసరం. బంతిని వదలకుండా పట్టుకు వేలాడే పెద్ద ఆటగాళ్లకు అది మందు. ఎనిమిదేళ్ల పిల్లలకు ‘రెండు టచ్‌లే’ (రెండు సార్లు తాకి బంతి వదిలేయాలి) అని పెట్టడం మాత్రం పెద్ద పొరపాటు. బంతితో స్నేహం కుదరాల్సిన వయసు అది. ఎదుటివాడిని దాటబోయి పది సార్లు పోగొట్టుకుంటేనే పదకొండో సారి దాటడం వస్తుంది.

మన సమ్మర్ క్యాంపుల్లో అసలు సమస్య ఇంకా మొదట్లోనే ఉంది. పన్నెండు మంది పిల్లలు ఒకే వరుసలో నిలబడతారు, ఒకే బంతి. ఒక్కొక్కరికి పది సెకన్లు అనుకున్నా, మళ్లీ వంతు రావడానికి రెండు నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఒక పిల్లవాడికి వంతు వచ్చేది పది సార్లే. అదే పన్నెండు మందిని ముగ్గురేసి చొప్పున నాలుగు జట్లు చేసి, రెండు చిన్న గ్రౌండ్లలో వదిలేస్తే ఖాళీగా నిలబడేవాడే ఉండడు. బంతి సైజు కూడా చూసుకోవాలి: ఎనిమిదేళ్ల లోపు 3, పన్నెండు దాకా 4, ఆ తర్వాతే 5. చిన్న పిల్లలకు 5 నంబర్ బంతి ఇస్తే కాలి బొటనవేలితో పొడవడం అలవాటవుతుంది, దాన్ని మాన్పించడానికి ఏళ్లు పడుతుంది.

ఇక అందరికంటే ఎక్కువ నష్టపోయేది పొట్టి పిల్లలు. ఏ వయసు విభాగంలో ఆడాలో జనవరి 1 నుంచి లెక్కిస్తారు కాబట్టి ఒకే ఏడాదిలో పుట్టినవాళ్లంతా ఒకే జట్టు. జనవరిలో పుట్టినవాడికీ డిసెంబర్‌లో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పన్నెండేళ్లప్పుడు ఆ తేడా చాలా పెద్దది, దానికి ముందుగా యవ్వనం వచ్చినవాడి బలం తోడవుతుంది. కప్పు కావాలి కాబట్టి కోచ్ ఆ పొడుగు కుర్రాడిని డిఫెన్స్‌లో నిలబెట్టి ‘దూరంగా కొట్టు’ అంటాడు. గెలుస్తారు కూడా. పదహారేళ్లకు మిగతావాళ్లూ ఎదుగుతారు, అప్పటికి ఆ కుర్రాడు ఇరుకులో బంతి తిప్పడం నేర్చుకునే ఉండడు. బెంచీ మీద కూర్చోబెట్టిన చిన్నవాడు ఎప్పుడో ఆట మానేసి ఉంటాడు. ఇద్దరినీ పోగొట్టుకున్నట్టే. ఇంగ్లండ్ అకాడమీలు అప్పుడప్పుడు వయసును పక్కనపెట్టి, శరీర ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఆడిస్తున్నాయి. నెలకొకసారి అది మనమూ చేయవచ్చు, ఖర్చేమీ లేదు.

ఎదుగుదలకు సంబంధించి ఇంకో మాట. మూడు నెలలకోసారి, ఉదయం పూట, చెప్పుల్లేకుండా, ఒకే గోడ దగ్గర ఎత్తు కొలిచి రాసుకోవాలి. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లకు మించి పెరిగితే ఎముక దూసుకుపోతోంది, కండరం ఇంకా అందుకోలేదు. మన గట్టి నేల గ్రౌండ్లలో పొడుగు స్టడ్‌ల (అడుగున గుబ్బలున్న) బూట్లు వేసుకునే పిల్లలకు అప్పుడే మడమ నొప్పి వస్తుంది. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే ‘అమ్మా’ అంటాడు. మోకాలి చిప్ప కింద గడ్డలా ఉబ్బి నొప్పి ఉన్నా ఇదే కథ. ఆ వారాల్లో గెంతులు, స్ప్రింట్లు తగ్గించి బంతి పని ఉంచాలి, నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. బద్ధకం అనుకుని రౌండ్లు కొట్టించడం అన్యాయం.

టోర్నమెంట్లు నడిపేవాళ్లు తలచుకుంటే ఇందులో సగం మారుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు జట్టుకు తొమ్మిది మందే, జట్టు జాబితాలో పేరున్న ప్రతి పిల్లవాడూ కనీసం సగం మ్యాచ్ ఆడాలి, ఆడించని జట్టుకు ఆ మ్యాచ్ పాయింట్లు లేవు. ఎంట్రీ ఫారం మీద మూడు లైన్లు రాస్తే చాలు. వచ్చే వేసవి టోర్నమెంట్ల ఫారాలు ఇంకా అచ్చుకు వెళ్లలేదు.